బృంద బోధన.. వరమా? భారమా?

ఒకే గదిలో ఇద్దరు ఉపాధ్యాయులు, రెండు తరగతులు
సరిహద్దు మండలానికి అవసరమైన ప్రయోగం
ఖాళీల భర్తీకి ప్రత్యామ్నాయం కారాదు

న్యాల్‌కల్: వాన ఒక్కటే. నల్లరేగడి నేలపై పడితే రైతుకు అది పదును. సాంఘిక శాస్త్రం పుస్తకంలో నైరుతి రుతుపవనం. సామాన్య శాస్త్రంలో జలచక్రం. గణితంలో ఘనపరిమాణం. తెలుగు వాచకంలో వర్ణన. ఆంగ్లంలో పదజాలం. ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకే రోజున ఐదు పీరియడ్లలో ఐదు వానలను చదువుతున్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి, కందిచేను తడిసిందా లేదా అని తండ్రి అడిగితే మాత్రం ఆ ఐదింటిలో ఏదీ అతనికి అక్కరకు రావడం లేదు.

పీరియడ్ల నడుమ మోగే గంట పాఠ్యాంశాలను విడదీసినంతగా జీవితం విడదీయదు. ఈ ఎడబాటును తగ్గించడానికి విద్యావేత్తలు చెబుతున్న మార్గాల్లో ఒకటి బృంద బోధన. వేర్వేరు సబ్జెక్టుల ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు కలిసి పాఠాన్ని రూపొందించుకుని, కలిసి ఒకే గదిలో చెప్పడం, కలిసి మూల్యాంకనం చేయడం దీని సారాంశం. అవసరమైతే 8, 9 తరగతుల విద్యార్థులను ఒకచోట చేర్చి బోధించడమూ ఇందులో భాగమే. వినడానికి ఇంపుగా ఉన్న ఈ ఆలోచన సర్కారు ఉన్నత పాఠశాలలో నిలుస్తుందా? న్యాల్‌కల్ వంటి సరిహద్దు మండలానికి దీని అవసరం ఎంత? అడ్డంకులేమిటి? ఇవి పరిశీలించదగిన ప్రశ్నలు.

కొత్తది కాదు.. పాత మాటే

బృంద బోధన అనే పేరు బీఈడీ పూర్తిచేసిన ప్రతి ఉపాధ్యాయునికీ సుపరిచితమే. పరీక్షకు చదివి, ఉద్యోగంలో చేరాక మరచిపోయిన అంశాల్లో ఇదొకటి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం లెక్సింగ్టన్ పట్టణంలో 1957లో ఫ్రాంక్లిన్ పాఠశాలలో ఈ పద్ధతికి వ్యవస్థీకృత రూపం లభించింది. 1960వ దశకంలో అక్కడ విస్తృతంగా వ్యాపించి, తరువాతి కాలంలో మందగించింది. ఉపాధ్యాయులు కలిసి కూర్చుని పాఠాన్ని తయారుచేసుకునేందుకు తగిన సమయం దొరకకపోవడం దానికి ప్రధాన అవరోధంగా నిలిచింది. ఈ పాఠం మనకూ వర్తిస్తుంది.

మన దేశంలో దీని మూలాలు అంతకంటే పాతవి. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యావిధానంలో చేతివృత్తిని కేంద్రంగా చేసుకుని గణితం, శాస్త్రం, భాష అన్నింటినీ దానితో అనుసంధానించాలన్నదే మూల సూత్రం. ఆ విధానానికి పాఠ్యప్రణాళిక రూపొందించిన సంఘానికి అధ్యక్షత వహించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ 1897లో హైదరాబాద్‌లోనే జన్మించారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి వెలుపలి జీవితంతో జ్ఞానాన్ని ముడివేయాలని కోరింది. ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక పరిధి పత్రం అదే బాటలో నడిచింది. 2020 జాతీయ విద్యావిధానం, దాని ననుసరించి 2023లో వెలువడిన పాఠశాల విద్య పాఠ్యప్రణాళిక చట్రం సబ్జెక్టుల మధ్య గోడలను తగ్గించాలని స్పష్టం చేశాయి. ఫిన్లాండ్‌లో 2016 నుంచి ప్రతి విద్యార్థి ఏడాదికి కనీసం ఒక బహుళ విషయక పాఠ్యభాగాన్ని అధ్యయనం చేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది.

కాగితాలపై లోటు లేదు. లోటంతా తరగతి గదిలోనే ఉన్నది.

సరిహద్దు మండలం.. ప్రత్యేక అవసరం

న్యాల్‌కల్‌కు ఒక చారిత్రక విశిష్టత ఉన్నది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఈ ఊరి పేరు ప్రత్యేకంగా కనిపిస్తుంది. బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్‌ను, జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలతోపాటు బీదర్ జిల్లా నుంచి విడదీసి నాటి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మిగిలిన బీదర్ ప్రాంతంలో అధిక భాగం నేటి కర్ణాటకకు వెళ్లింది. తరువాత మెదక్ జిల్లాలో కొనసాగిన ఈ మండలం 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. గీత మారినంత మాత్రాన నోటి మాట మారదు. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ ఈ ప్రాంతపు సంతలో, బస్సులో, పెళ్లిపందిట్లో నేటికీ కలగలిసి వినిపిస్తాయి.

ఇదే బాలుడు బడికి వచ్చేసరికి పరిస్థితి వేరు. ఇంట్లో ఉర్దూనో కన్నడమో మాట్లాడే విద్యార్థి తెలుగు తప్పనిసరిగా అభ్యసించాలి. 2018లో చేసిన తెలంగాణ తెలుగు తప్పనిసరి బోధన చట్టం ఉద్దేశం అదే. దీనికితోడు 2022-23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని దశలవారీగా ప్రవేశపెట్టారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఆంగ్లం ఉండే ద్విభాషా పుస్తకాలు విద్యార్థుల చేతికి వచ్చాయి. అంటే కొందరు పిల్లలకు ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి, పుస్తకం భాష ఇంకొకటి.

ఇటువంటి గదిలో కిరణజన్య సంయోగక్రియను ఆంగ్లంలో బోధించవలసిన జీవశాస్త్ర ఉపాధ్యాయుని ముందు రెండు బాధ్యతలుంటాయి. విషయాన్ని అర్థం చేయించాలి. ఆ విషయం ఒదిగిన పరభాషనూ అర్థం చేయించాలి. మొదటిదానిలో ఆయన నిష్ణాతుడు. రెండవది ఆయన శిక్షణలో లేనిది. అదే సమయంలో పక్క గదిలో ఆంగ్ల ఉపాధ్యాయుడు విద్యార్థులకు పట్టని ఏదో దూరదేశపు కథను చెబుతూ ఉంటారు. ఈ ఇద్దరూ పక్షానికి ఒక్క పీరియడు కలిస్తే చాలు. ఆకు, వేరు, వెలుతురు, పిండిపదార్థం అనే మాటలను ఆంగ్ల ఉపాధ్యాయుడు పలికించి, వాక్యంలో పెట్టించి, రాయించగలరు. జీవశాస్త్ర ఉపాధ్యాయుడు ఆకును అయోడిన్‌తో పరీక్షించి చూపగలరు. ఆంగ్లానికి విషయం దొరుకుతుంది. విషయానికి భాష దొరుకుతుంది.

సబ్జెక్టుల మధ్య బృంద బోధనకు ఈ మండలంలో మొదట ఎంచుకోదగిన జత ఇదే.

లెక్క కుదిరేదెలా?

‘ఒక్కరికే దిక్కులేదు, ఇద్దరిని ఎక్కడినుంచి తేవాలి?’ బృంద బోధన మాట ఎత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. అన్యాయమైన ప్రశ్న కాదు. లెక్క వేసి చూడవలసినదే.

ఉదాహరణకు 6 నుంచి 10 వరకు ఒక్కొక్క సెక్షన్ మాత్రమే ఉన్న ఉన్నత పాఠశాలను తీసుకుందాం. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 దినాలు అనుకుంటే తరగతికి 48 పీరియడ్లు. ఆటలు, గ్రంథాలయం, చిత్రలేఖనం వంటివాటికి 8 పోగా మిగిలినవి 40. ఐదు తరగతులకు కలిపి 200. తెలుగు, హిందీ, ఆంగ్లం, గణితం, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘిక శాస్త్రం.. ఈ ఏడు సబ్జెక్టులకు ఏడుగురు స్కూల్ అసిస్టెంట్లు ఉంటే సగటున ఒక్కొక్కరికి 28 లేదా 29 పీరియడ్లు పడతాయి. ఒక పోస్టు ఖాళీ అయితే ఆ సంఖ్య 33 దాటుతుంది. రెండు ఖాళీ అయితే 40కి చేరుతుంది. అంటే రోజంతా ఊపిరి సలపని పని.

ఈ స్థితిలో ఒకే తరగతికి ఇద్దరిని పంపితే రెండవ ఉపాధ్యాయుని పీరియడు ఎక్కడో ఒకచోట కోత పడుతుంది. ఏదో ఒక తరగతి ఖాళీగా కూర్చుంటుంది. ఇక్కడే చాలా మంది ప్రధానోపాధ్యాయులు ఆశ వదులుకుంటారు.

అయితే ఈ చిక్కుముడికి విప్పు కూడా ఆ లెక్కలోనే ఉన్నది. 8వ తరగతికి గణితం, 9వ తరగతికి భౌతిక శాస్త్రం ఒకే గంటలో ఉన్నాయనుకుందాం. రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు. ఈ రెండు తరగతులను ఒకే గదిలో చేర్చి ఇద్దరూ కలిసి బోధిస్తే ఎంతమంది అవసరం? ఇద్దరే. అదనంగా ఒక్క పీరియడు కూడా ఖర్చు కాదు. సబ్జెక్టుల మధ్య గోడను తీయాలంటే తరగతుల మధ్య గోడను కూడా తీయవలసి ఉంటుందన్న మాట. ఒకటి చేసి రెండవది చేయకపోతే టైంటేబుల్ ఒప్పుకోదు. బృంద బోధనను సబ్జెక్టులు, తరగతులు రెండింటికీ విస్తరించాలని చెప్పడంలోని ఆచరణాత్మక కారణం ఇదే.

దీనికీ ఒక హద్దు ఉన్నది. రెండు తరగతులు కలిపినా సంఖ్య 50, 60కి మించని చిన్న ఉన్నత పాఠశాలల్లోనే ఇది సాధ్యం. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్నది. ఇద్దరు ఉపాధ్యాయులున్న గదిలో 60 మంది అంటే ఆ నిష్పత్తి చెడదు. అదే రెండు సెక్షన్లతో కిటకిటలాడే బడిలో ఇలా చేయబోతే అది బోధన కాదు, సభ అవుతుంది.

రెండు తరగతులు.. ఒక పాఠం

తరగతులను కలిపితే సిలబస్ ఏమవుతుంది? పై తరగతి వారికి పాత పాఠమా? కింది తరగతి వారికి అర్థంకాని పాఠమా? ఈ సందేహానికి సమాధానం పాఠ్యపుస్తకాల్లోనే దొరుకుతుంది.

2013-14లో ప్రవేశపెట్టిన 8, 9 తరగతుల భౌతిక శాస్త్ర పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ‘ధ్వని’ అనే అధ్యాయం రెండింటిలోనూ ఉన్నది. 8లో కంపనాలు, శ్రవణం వంటి ప్రాథమిక అంశాలు. 9లో తరంగ లక్షణాలు, ప్రతిధ్వని వంటి లోతైన అంశాలు. 8లో చలనానికి గ్రాఫులు ఉంటే, 9లో చలనం, దాని వెంటనే గమన నియమాలు. గణితంలో 8వ తరగతిలో అనుపాతాలు, 9వ తరగతిలో నిరూపక రేఖాగణితం. కాలం, దూరాల గ్రాఫు గీయడం ఈ నాలుగింటినీ కలిపే కూడలి.

ఒక బస్సు ఊరి నుంచి బయలుదేరి, స్టాపుల్లో ఆగుతూ వెళ్లిన తీరును గ్రాఫుగా గీయాలి. బిందువులు గుర్తించడం 8వ తరగతి వారి పని. వాలు చూసి వేగం చెప్పడం 9వ తరగతి వారి పని. అక్షాలు, ప్రమాణాలు గణిత ఉపాధ్యాయుని వంతు. వేగం, త్వరణం భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుని వంతు. గ్రాఫు అడ్డంగా పోయినచోట బస్సు ఆగిందని కింది తరగతి విద్యార్థి గుర్తిస్తే, పై తరగతి విద్యార్థి ఆ సమయాన్ని లెక్కించి సగటు వేగం తేలుస్తాడు. పై తరగతి వారు తెలిసినది వివరించడంలో మరింత గట్టిపడతారు. కింది తరగతి వారు రేపటి పాఠానికి ముందుగానే పరిచయమవుతారు.

6, 7 తరగతులకు మరొక అవసరం ఉన్నది. అక్కడ సామాన్య శాస్త్రం ఒకే పుస్తకం. 8కి రాగానే అది భౌతిక, జీవ శాస్త్రాలుగా చీలుతుంది. నిన్నటిదాకా ఒకే సబ్జెక్టు, ఒకే మాస్టారు. నేడు రెండు పుస్తకాలు, ఇద్దరు మాస్టార్లు. ఈ మలుపులో తడబడే పిల్లలు ఎందరో. 7వ తరగతి చివరి నెలల్లో ఇద్దరు సైన్సు ఉపాధ్యాయులు కొన్ని పాఠాలు కలిసి చెబితే ఈ మలుపు సాఫీ అవుతుంది.

బహుళ తరగతి బోధన మన ప్రాంతానికి అపరిచితమేమీ కాదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చిన్న బడుల కోసం రూపొందించిన కార్డుల పద్ధతి దేశమంతటా గుర్తింపు పొందింది. దాని స్ఫూర్తితోనే సరిహద్దుకు ఆవల కర్ణాటకలో ‘నలి-కలి’ కార్యక్రమం 1, 2, 3 తరగతులను కలిపి నడిచింది. అయితే ఇవి ప్రాథమిక స్థాయి ప్రయోగాలు. ఒక్క ఉపాధ్యాయుడు అనేక తరగతులను మోయడం వేరు, ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి రెండు తరగతులను నడపడం వేరు. ఈ తేడాను విస్మరించరాదు.

ఊరే పాఠ్యపుస్తకం

బృంద బోధనకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. న్యాల్‌కల్ మండలం తనంతట తానే ఒక పాఠ్యపుస్తకం.

భూమి రికార్డునే తీసుకుందాం. పట్టా పాసుపుస్తకంలో ఒక రైతు విస్తీర్ణం 3.17 అని ఉంటుంది. గణితం తరగతిలో దశాంశాలు నేర్చిన విద్యార్థి దానిని మూడు ఎకరాల పైన నూటికి పదిహేడు వంతులుగా చదువుతాడు. కానీ రికార్డులో దాని అర్థం 3 ఎకరాల 17 గుంటలు. ఎకరానికి 40 గుంటలు. కనుక అసలు విస్తీర్ణం దశాంశాల్లో 3.425 ఎకరాలు. మొత్తం 137 గుంటలు. గుంటకు 121 చదరపు గజాల చొప్పున 16,577 చదరపు గజాలు. పొరపాటుగా చదివితే పది గుంటలకు పైగా లెక్కలో గల్లంతవుతుంది.

ఇది గణిత ఉపాధ్యాయుడు ఒక్కరే చెప్పే పాఠం కాదు. పహాణీ అంటే ఏమిటో, సర్వే నంబరు ఎలా పుట్టిందో సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు చెప్పాలి. ఖాతా, పహాణీ, జమాబందీ, ఫస్లీ వంటి మాటలు ఏ భాష నుంచి వచ్చాయో తెలుగు ఉపాధ్యాయుడు వివరించాలి. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి ఆ రోజు గదిలో అందరికంటే ముందుంటాడు. ప్రతిరోజూ వెనుక బెంచీలో మౌనంగా ఉండే పిల్లవాడు ఒక్కరోజు గురువవుతాడు.

ఈ లెక్క ఈ మండలానికి ఎందుకు ముఖ్యమో వేరుగా చెప్పనక్కర లేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల పరిధిలో సుమారు 12,600 ఎకరాల్లో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి, అంటే నిమ్జ్, తలపెట్టారు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. అదే ఏడాది డప్పూర్, వడ్డి, మల్గి గ్రామాల్లో ఔషధ పరిశ్రమల ప్రతిపాదనపై రైతులు ఆందోళనకు దిగారు. పరిశ్రమ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఇంటికి వచ్చిన నోటీసును చదివి, విస్తీర్ణం సరిచూసి, పరిహారం లెక్కవేయగల పదో తరగతి విద్యార్థి ఇంటికొకరు ఉంటే ఆ కుటుంబం మోసపోదన్నది మాత్రం నిర్వివాదం. రేపు కర్మాగారం వస్తే అందులో కూలీగా చేరాలా, సాంకేతిక నిపుణుడిగా చేరాలా అన్నదీ నేటి తరగతి గదిలోనే తేలుతుంది.

నీరు మరొక పాఠం. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటక దాటి తెలంగాణలోకి ప్రవేశించేది ఈ ప్రాంతంలోనే. దిగువన సింగూరు జలాశయం సామర్థ్యం సుమారు 29.9 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. పత్రికల్లో నిత్యం కనిపించే ఈ మాటకు అర్థం తెలిసిన విద్యార్థులెందరు? అంత దూరం వద్దు. ఒక ఎకరం చేనుపై 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లు? ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. దానిపై ఒక సెంటీమీటరు ఎత్తున నిలిచే నీరు 40 ఘనపు మీటర్లు, అంటే 40 వేల లీటర్లకు పైమాటే. నల్లరేగడి ఆ నీటిని ఎందుకు పట్టి ఉంచుకుంటుందో, ఎర్రనేల ఎందుకు వదిలేస్తుందో సైన్సు ఉపాధ్యాయుడు రెండు గాజు గొట్టాలలో మట్టి నింపి చూపగలరు. ఆ తేడా వల్లనే ఒకచోట శనగ, మరొకచోట వేరే పంట వచ్చిందని సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు కొనసాగించగలరు.

ఈ దారిలో నడిచిన ఉదాహరణ పొరుగునే ఉన్నది. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో ‘పచ్చసాలె’ను ఆరంభించింది. పాఠ్యాంశాలతోపాటు వడ్రంగం, కుమ్మరం, కుట్టుపని, సేద్యం వంటి పనులను చదువులో భాగం చేయడం దాని ప్రత్యేకత. అదే ఊరి నుంచి 2008లో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. చిరుధాన్యాల పరిరక్షణకు ఈ ప్రాంత దళిత మహిళల సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించింది. అక్షరం రాని తల్లులు విత్తనం గురించి ప్రపంచానికి చెప్పగలిగిన గడ్డ ఇది. ఆ తల్లులను నెలకొక పూట బడికి పిలిచి జీవశాస్త్ర ఉపాధ్యాయుని పక్కన నిలబెట్టడం కూడా బృంద బోధనే.

అడ్డంకులు ఇవీ..

మొదటి అడ్డంకి పరీక్ష. పదో తరగతి ఫలితాలు రాగానే సమీక్ష సబ్జెక్టుల వారీగానే జరుగుతుంది. గణితంలో ఎందరు తప్పారు, సైన్సులో ఎందరు తప్పారు అన్నదే ప్రశ్న. బాధ్యత విడివిడిగా మోపుతూ బోధన మాత్రం కలిసి చేయమంటే ఏ ఉపాధ్యాయుడూ సాహసించడు. అందువల్ల పదో తరగతిని ఈ ప్రయోగంలోకి లాగకపోవడమే ఉత్తమం. 6 నుంచి 9 వరకు చేసిన పని ఫలం పదిలో దానంతట అదే కనిపిస్తుంది.

రెండవది రికార్డుల మోత. నిరంతర సమగ్ర మూల్యాంకనం కింద నిర్మాణాత్మక పరీక్షల్లో ప్రాజెక్టు పని ఒక భాగం. ఆలోచన ఉన్నతమైనదే. ఆచరణలో ప్రతి సబ్జెక్టుకూ వేరువేరు ప్రాజెక్టు రాయవలసి రావడంతో విద్యార్థులు గైడ్లు, అంతర్జాలం నుంచి ఎత్తిరాసి ఇవ్వడం పరిపాటి అయింది. బొమ్మలు కత్తిరించి అతికించిన చార్టుల్లో పిల్లవాడి బుర్ర జాడ కనిపించదు. ‘మా ఊరి వాన’ వంటి ఒకే ప్రాజెక్టును నలుగురు ఉపాధ్యాయులు తమ తమ కోణంలో పరిశీలించి మార్కులు వేస్తే విద్యార్థికి భారం తగ్గుతుంది, పనిలో నిజాయితీ పెరుగుతుంది. ఇందుకు కొత్త జీవో కంటే ప్రధానోపాధ్యాయుని చొరవ, అధికారుల అభ్యంతరం లేకపోవడం ముఖ్యం.

మూడవది సమయం. బృంద బోధనలో అసలు పని గదిలో కాదు, గది వెలుపల జరుగుతుంది. ఎవరు ఎప్పుడు మాట్లాడాలి, ఏ ప్రశ్న ఎవరు వేయాలి, వెనుకబడిన పదిమంది వద్ద ఎవరు కూర్చోవాలి అన్నది ముందే తేల్చుకోవాలి. అది లేకపోతే ఒకరు చెబుతుంటే మరొకరు హాజరు పట్టీ నింపుకునే తంతుగా మారుతుంది. జహీరాబాద్ నుంచో, సంగారెడ్డి నుంచో బస్సు పట్టుకుని వచ్చి వెళ్లే ఉపాధ్యాయులకు సాయంత్రం ఆగడం కష్టం. కనుక ఈ సన్నాహ సమయం టైంటేబుల్ లోపలే ఉండాలి.

నాలుగవది మనస్తత్వం. తన తరగతి గది తన కోట అన్న భావన ఉపాధ్యాయుల్లో సహజం. సహోద్యోగి ఎదుట పాఠం చెప్పడమంటే జంకు. ఎవరు గొప్ప అన్న పట్టింపులు, సంఘాల భేదాలు దీనికి తోడవుతాయి. పక్కవారి పాఠం విని మనం కూడా నేర్చుకోవచ్చన్న వినయం లేనిదే ఇది సాగదు.

ఐదవది, అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఇద్దరు కలిసి రెండు తరగతులు నడపగలిగితే, ఒక్కరే ఎందుకు నడపరాదన్న ప్రశ్న ఏదో ఒక రోజు పైనుంచి వస్తుంది. హేతుబద్ధీకరణ పేరిట పోస్టుల సర్దుబాటు మన ఉపాధ్యాయులకు కొత్త కాదు. బృంద బోధన ఖాళీలను కప్పిపుచ్చే దుప్పటిగా మారితే దానికంటే అన్యాయం లేదు. 2024 డీఎస్సీ ద్వారా రాష్ట్రవ్యాప్తంగా 11,062 పోస్టులకు ప్రకటన వెలువడి, అదే ఏడాది అక్టోబరులో నియామకపత్రాలు అందజేశారు. సరిహద్దు మండలాలకు వచ్చిన ఉపాధ్యాయులు బదిలీ కోసం ఎదురుచూడకుండా నిలిచేలా చూడటం ఆ తరువాతి బాధ్యత. సబ్జెక్టు ఉపాధ్యాయుడు లేని చోట బృందమూ లేదు, బోధనా లేదు.

ఏం చేయవచ్చు?

ఆర్భాటంగా మండలమంతటా ఒకేసారి ప్రారంభించి, ఫొటోలు దిగి, మూడు నెలలకు మరచిపోయిన పథకాలు ఎన్నో. ఈ ప్రయోగానికి ఆ గతి పట్టకూడదు. విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉండి, అన్ని సబ్జెక్టులకూ ఉపాధ్యాయులున్న ఒకటి రెండు ఉన్నత పాఠశాలల్లో, ముందుకు వచ్చిన ఉపాధ్యాయులతోనే ఆరంభించాలి. బలవంతపు బృందం బృందం కాదు.

మొదటి ఆరు నెలలు పక్షానికి ఒక జంట పీరియడు చాలు. 8, 9 తరగతులకు గణితం, భౌతిక శాస్త్రం ఒక జత. 6, 7 తరగతులకు సైన్సు, ఆంగ్లం మరొక జత. టైంటేబుల్ తయారీ సమయంలోనే ఈ సబ్జెక్టులు ఒకే గంటలో పడేలా చూసుకోవాలి. ఆ ఇద్దరు ఉపాధ్యాయులకూ వారానికి ఒక ఖాళీ పీరియడు ఒకేసారి ఉండాలి. ఈ రెండు జాగ్రత్తలు తీసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

కొఠారి కమిషన్ 1964-66లో సూచించిన పాఠశాల సముదాయాల ఆలోచన నేడు కాంప్లెక్స్ సమావేశాల రూపంలో అమలులో ఉన్నది. ఆ సమావేశాల్లో లెక్కలవారు ఒక గదిలో, సైన్సువారు మరొక గదిలో కూర్చుంటున్నారు. ఏడాదిలో రెండుసార్లు అయినా వారిని ఒకే గదిలో కూర్చోబెట్టి ఉమ్మడి పాఠప్రణాళికలు రాయిస్తే, ఒక బడిలో తయారైన పాఠం పది బడులకు చేరుతుంది.

ఫలితాన్ని కొలవడం మరవరాదు. కలిపి చెప్పిన పాఠంపై నెల తరువాత ఒక చిన్న పరీక్ష పెట్టాలి. విడివిడిగా చెప్పిన పాఠంపై మరొకటి. పిల్లలు ఎక్కడ ఎక్కువ గుర్తుంచుకున్నారు? వెనుక బెంచీల నుంచి ఎన్ని చేతులు లేచాయి? ఇంటి భాష వేరైన పిల్లలు ఎలా రాశారు? మేలు కనిపిస్తే విస్తరించాలి. కనిపించకపోతే ధైర్యంగా ఆపివేయాలి. మంచి పేరున్న పద్ధతి అయినంత మాత్రాన పిల్లల కాలాన్ని దానికి బలి ఇవ్వరాదు.

తల్లిదండ్రులకూ ముందుగా చెప్పాలి. రెండు తరగతులను ఒకే గదిలో చూసిన తండ్రికి మొదట కలిగే అనుమానం ‘సార్లు తక్కువై కలిపేశారు’ అన్నదే. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల సమావేశంలో ఒక నమూనా పాఠాన్ని వారి ఎదుటనే చెప్పి చూపితే ఆ అనుమానం తొలగుతుంది. 3.17కూ 3 ఎకరాల 17 గుంటలకూ ఉన్న తేడా పాఠమైతే వారే ముందు వరుసలో కూర్చుంటారు.

బృంద బోధన వరమా, భారమా అన్నది ఆ పద్ధతిలో లేదు. పోస్టులు నింపి, సన్నాహానికి సమయమిచ్చి, ఇష్టపడినవారికి అప్పగిస్తే అది వరం. ఖాళీలు అలాగే ఉంచి, ఉత్తర్వుగా రుద్దితే అది మరొక భారం. జూన్‌లో బడి తెరిచే ముందు టైంటేబుల్ గీసే ప్రధానోపాధ్యాయుల చేతిలోనూ, ఆ టైంటేబుల్‌కు తగిన ఉపాధ్యాయులను పంపవలసిన విద్యాశాఖ చేతిలోనూ ఈ రెంటిలో ఏది కావాలన్నది ఉన్నది.